చూసినదాని పేరు

ఆ మినప్పప్పు చేట అరుగు మీద పెట్టేసి, ఇలా దగ్గరగా జరగండర్రా. దూరంగా కూర్చుంటే ఈ కథ వినబడదు. ఇందులో ఎవరూ గట్టిగా అరవరు. ఒక్కరు అరిచినా ఈ కథ ఇలా ఉండేదే కాదు. రామచంద్రపురం అవతల, కాలవ గట్టు మీద ఉన్న జూనియర్ కాలేజీ బాటనీ ల్యాబ్‌లో అటెండరు ప్రసన్నకుమారి ఉందే, ఆవిడ సంగతి. ముఖ్యమైనదంతా మొన్న మాఘమాసంలో, అటూ ఇటూ పది రోజుల్లో జరిగిపోయింది.

ఆ సోమవారం పొద్దున్న ప్రసన్నకుమారి కిటికీ దగ్గర కూర్చుని ఉల్లిపాయల అడుగున ఎండిన వేళ్లను బ్లేడుతో గీకుతోంది. గీకిన పాయని మూతి చిన్నదైన సీసా మీద, అడుగు భాగం నీళ్లకి తగిలీ తగలనట్టు కూర్చోబెట్టాలి. మునిగితే కుళ్లుతుంది, తగలకపోతే వేరు రాదు. పన్నెండు సీసాలు వరసగా పెట్టి, వంగి కన్ను నీటిమట్టానికి దించి చూసుకుంటుండగా గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. కాలేజీ సెక్రటరీ సత్తిరాజు గారు.

"ఏం ప్రసన్నా, ఉల్లిపాయలకి తలంట్లా?"

"వేళ్లు దిగాలండి. శనివారం పిల్లలకి ప్రాక్టికల్స్ కదండి." పమిట కొంగు సర్దుకుంటూ లేచి నిలబడింది.

"నీ అర్జీ చూశాను. ల్యాబ్ అసిస్టెంటు పోస్టుకి టెన్త్ చాలు, రూలు ఒప్పుతుంది. కాకపోతే ఆ పనంటే సీసాలు కడగడం కాదు, పేర్లు తెలియాలి. శనివారం ఎక్స్‌టర్నల్ మేడమ్ వస్తారు. పిల్లలవి అయ్యాక నీకు పది స్లైడ్లు పెట్టమంటాను. పదికి పది చెప్పావా, పోస్టు నీది."

"పదికి పదా అండి?"

"పందొమ్మిదేళ్ల నుంచి వాటినే తుడుస్తున్నావు కదా! ఒక్కటి తప్పినా మా బావమరిది కొడుకున్నాడు, సురేష్‌బాబు. డిగ్రీ చదివాడు. ఖాళీగా ఉన్నాడు."

"అలాగేనండి" అంది ప్రసన్నకుమారి. ఆయన వెళ్లాక మళ్లీ వంగి, సరిగ్గా ఉన్న నీటిమట్టాన్నే ఇంకోసారి చూసుకుంది.

ఆవిడకి రానిది చూడడం కాదు, పేర్లు. ఉల్లి వేరు కొస గోరంత కోసి, ఆమ్లంలో వెచ్చబెట్టి, ఎర్రరంగు చుక్కలో నానబెట్టి, మీద పల్చటి గాజుముక్క వేసి, అద్దుడు కాగితం మడతలోంచి బొటనవేలితో నొక్కేది. నొక్కేటప్పుడు గాజు వెంట్రుకవాసి కదిలినా కణాలు ఒకదాని మీదొకటి ఎక్కి పాడైపోతాయి. ఆవిడ వేలి కింద మాత్రం పూరేకులు పరిచినట్టు పరుచుకునేవి. మైక్రోస్కోపులో ఒక కణం రెండు కణాలుగా చీలడం ఆవిడ చూసినన్నిసార్లు ఆ కాలేజీలో ఎవరూ చూసి ఉండరు. వాటికి తన పేర్లు తను పెట్టుకుంది. లోపల దారాలు చిక్కుపడి ఉంటే పీచుండ. ఆ దారాలు తేరుకుని నడిమధ్య బారుగా నిలబడితే వరసనాటు. అక్కణ్ణుంచి సగం అటు, సగం ఇటు లాక్కుపోతుంటే లాగుడు. రెండు కొసల్లో రెండు ముద్దలైతే రెండు గూళ్లు. పుస్తకానికి ఆ పేర్లు అక్కర్లేదు.

అందుకని మధ్యాహ్నం అన్నాల బెల్లు కొట్టగానే దుర్గాశ్రీని పట్టుకుంది. ఇంటర్ రెండో సంవత్సరం పిల్ల, ద్రాక్షారామం నుంచి బస్సులో వస్తుంది.

"నీకు వేరుకొస నొక్కడం నేర్పుతాను, నాకు పేర్లు నేర్పుతావా?"

"మీకెందుకాంటీ ఈ గోల? మాకే తిరగట్లేదు నోరు."

"తిరగనిదైతే తిప్పుకుంటాను. చెప్పు."

దుర్గాశ్రీ పెరుగన్నం డబ్బా మూత మీద సుద్దముక్కతో గుండ్రంగా కణం గీసింది. "ఇది కణకవచం, బయట గోడ. లోపల కణత్వచం. ఈ మధ్యలో ఉండేది కేంద్రకం. ఖాళీగా నీళ్లతో ఉండేది రిక్తిక. ఇది అంతర్జీవద్రవ్యజాలం."

"అంత పొడుగు పేరు దేనికమ్మా, అంత చిన్న దానికి?"

"అదే మా ఏడుపూనూ!" అని పకపకా నవ్వింది పిల్ల.

ప్రసన్నకుమారికి ఒక పద్ధతి తెలుసు. వాళ్ల లూథరన్ చర్చిలో, చిన్నప్పటి సండే స్కూలు నుంచి ఇప్పటి స్త్రీల సమాజం దాకా, కంఠత వాక్యం అని ఒకటి ఉంటుంది. ముందు అధ్యాయం, తర్వాత వచనం సంఖ్య, తర్వాత వాక్యం, చివర మళ్లీ సంఖ్య. సంఖ్య తప్పితే వాక్యం వచ్చినా రానట్టే లెక్క. ఈ పేర్లనీ అలాగే పట్టింది. సాయంత్రం ఇంటి ముందు ఆటో కడుగుతున్న మొగుడు ఎజ్రా చేతికి పుస్తకమిచ్చి, తను బియ్యంలో రాళ్లేరుతూ అప్పజెప్పింది.

"నూట అరవై ఏడో పేజీ, రెండో పేరా. ప్రథమదశ. నూట అరవై ఎనిమిది, మొదటి పేరా. మధ్యస్థదశ: క్రోమోసోములు కణం నడిమధ్య ఒకే వరసలో అమరును. నూట అరవై ఎనిమిది, మూడో పేరా. చలనదశ: కండె పోగులు క్రోమోసోములను చెరొక వైపుకు లాగును."

"ఆమేన్" అన్నాడు ఎజ్రా.

"వెటకారమా?"

"కాదే, అలవాటు. చివర సంఖ్య చెప్పలేదు నువ్వు. ఫెయిలు."

బుధవారం పొద్దున్న తొమ్మిదయ్యేసరికి కొన్ని వేళ్లు దిగాయి. ఒక కొస కోసి, నొక్కి, దుర్గాశ్రీని చూడమంది. తర్వాత పాత స్లైడ్ల పెట్టె తీసింది. నలభై రెండు స్లైడ్లు, చెక్క గాడుల్లో నిలబెట్టినవి. ఒక్కో గాజు చివర తపాలా బిళ్లంత కాగితం అంటించి, దాని మీద బాటనీ లెక్చరర్ జగన్నాథరావు గారి గుండ్రటి అక్షరాల్లో పేరుంటుంది. మధ్యస్థదశ అని రాసి ఉన్న స్లైడు పెట్టి కన్ను ఆనించింది.

లాగుడు కనబడింది.

గాజు తీసి పేరు మళ్లీ చదివింది. మళ్లీ పెట్టింది. దారాలు బొద్దింక మీసాల్లా చెరోవైపు వంగి లాక్కుపోతూనే ఉన్నాయి. చలనదశ అని ఉన్నది పెడితే, అందులో వరసనాటు, ఊడ్పుల నాడు తాడు పట్టి నాటినట్టు. పుస్తకంలో బొమ్మ చూసింది. తాజాగా నొక్కిన దాన్ని చూసింది. తన కన్ను తప్పు కాదు.

"అమ్మాయ్, ఈ రెండూ నీకెప్పుడైనా టెస్టులో పడ్డాయా?"

దుర్గాశ్రీ మొహం చిన్నబుచ్చుకుంది. "ఫస్టియర్‌లో పడ్డాయి ఆంటీ. చూసింది చూసినట్టు రాశాను. రెండూ కొట్టేశారు. సార్ దగ్గరికెళ్తే, 'కళ్లద్దాలు వేయించుకోమ్మా' అన్నారు, అందరూ నవ్వారు. అప్పట్నుంచి నేను స్లైడు చూడను. పెట్టెలో ఎన్నో గాడిలో దానికి ఏం పేరో గుర్తుపెట్టుకుంటాను. ఎప్పుడూ ఫుల్ మార్కులే."

"కళ్లద్దాలు వేయించుకున్నావా?"

"నాన్న తీసుకెళ్లారు. డాక్టరు నీకేం లేదన్నాడు."

ప్రసన్నకుమారి చేతిలో గాజు ఉంది. దాన్ని కిటికీ వెలుతురుకెత్తి చూసి, గాడిలో దించింది. ఏడేళ్ల క్రితం తుఫానుకి పెట్టెలోకి నీళ్లు దిగి కాగితాలన్నీ ఊడిపోతే, జగన్నాథరావు గారు ఒక్క పూటలో కొత్తవి రాసి అంటించారు. ఏడేళ్లుగా ఎంతమంది పిల్లలు ఆ పేర్లే నేర్చుకుని వెళ్లారో.

గురువారం ఆయన టీ తాగుతుండగా వెళ్లి బల్ల పక్కన నిలబడింది. మంచాయన. ఏనాడూ ఆవిడని ఒక్క మాట తూలలేదు. మే నెలాఖరుకి రిటైరవుతున్నారు.

"సార్, ఆ మధ్యస్థదశకీ చలనదశకీ పేర్లు అటుదిటు అయ్యాయేమోనండి."

"ఎవరన్నారు?"

"చూశానండి."

ఆయన గ్లాసు దించారు. కళ్లు ఆవిడ వైపు రాలేదు. గ్లాసు కింద తడి గుండ్రాన్ని వేలితో తుడిచారు.

"పరీక్షల ముందు అవన్నీ కదపకు ప్రసన్నా. చూద్దాంలే."

పందొమ్మిదేళ్లలో ఆయన చూద్దాంలే అన్నది ఏదీ చూడలేదు. కారే పైకప్పు చూద్దాంలే, విరిగిన స్టూలు చూద్దాంలే. ఆవిడ తలూపి వచ్చేసింది. పెద్దమనిషిని పట్టుకుని మీరు తప్పు రాశారని రెండోసారి అనడం ఎలాగ? సాయంత్రం ఆఖరి బెల్లయ్యాక, ఎవరూ లేకుండా చూసి, తడిగుడ్డ వేసి ఆ రెండు కాగితాలూ నానబెట్టింది. బ్లేడు మొనతో చిరక్కుండా లేపి, ఇటుది అటు, అటుది ఇటు అంటించింది. శనివారానికి పేరూ బొమ్మా ఒకటవుతాయి. తను తప్పని ఎవరూ అనరు, ఆయన తప్పని ఎవరికీ తెలియదు. అంతకంటే మర్యాదైన దారి ఆవిడకి తోచలేదు.

శుక్రవారం ఎనిమిదింటికే జగన్నాథరావు గారు ల్యాబ్‌లోంచి బయటికి రావడం చూసి, కుళాయి దగ్గర బీకర్లు తోముతున్న ప్రసన్నకుమారి ఆశ్చర్యపోయింది. పదింటి ముందు ఆయన మొహం చూసి ఎరగదు. ఆయన రుమాలుతో వేళ్లు తుడుచుకుంటూ ఆగారు.

"ధైర్యంగా ఉండు. రేపంతా సరిగ్గానే ఉంటుంది. నీకు కనబడింది కనబడినట్టు చెప్పు."

ఆ మాటకి ఆవిడ కళ్లు చెమర్చాయి. చేతులకి సబ్బు ఉండటంతో మోచేత్తో తుడుచుకుంది.

శనివారం పిల్లల పరీక్ష మూడింటికి ముగిసింది. ఎక్స్‌టర్నల్‌గా వచ్చినావిడ పేరు హెలెన్ గారు, మండపేట వైపు కాలేజీలో లెక్చరర్. ఎనభై మంది పిల్లల్ని చూసి అలిసిపోయి ఉన్నా, ప్రసన్నకుమారి మెడలో సన్నగొలుసు చివర సిలువని చూసి, "ఏ సంఘం అండి మీది?" అని ఆప్యాయంగానే అడిగింది. సత్తిరాజు గారు కుర్చీ లాక్కుని కూర్చుంటూ అందుకున్నారు.

"మీవాళ్లేనండి మేడమ్. అందుకే నేనూ కూర్చున్నాను. రేపెవరూ మిమ్మల్ని ఒక మాట అనకూడదు కదా!" అని నవ్వారు.

హెలెన్ గారు నవ్వలేదు. వీపు కుర్చీకి ఆన్చకుండా నిటారుగా కూర్చుంది. ఆ తర్వాత ప్రసన్నకుమారిని మీరు అంటూనే ఉంది గానీ గొంతులో తడి పోయింది.

హెలెన్ గారు పెట్టెలోంచి ఒక్కో స్లైడూ తీయడం, పేరు చదివి తన కాగితం మీద రాసుకోవడం, లేబులు మీద చిన్న అట్టముక్క కప్పి మైక్రోస్కోపు కింద పెట్టడం. జగన్నాథరావు గారు చివరి బల్ల దగ్గర హాజరు పట్టీ తిరగేస్తున్నారు.

"ఉల్లిపొర కణాలండి. ఈ గోడ కణకవచం, నూట ఇరవై ఒకటో పేజీ."

"పేజీలు అక్కర్లేదండి."

"అలవాటండి. క్షమించండి." తర్వాతది చూసింది. "హరితరేణువులండి, నూట ఇరవై..." నాలిక కరుచుకుంది. సత్తిరాజు గారు పొట్ట ఊగేలా నవ్వారు. ఒకటి, రెండు, మూడు... ఆరు దాకా తడుముకోకుండా చెప్పింది. ప్రథమదశ చెప్పింది, అంత్యదశ చెప్పింది. హెలెన్ గారి పెన్సిలు టిక్కులు పెడుతూ పోయింది.

ఏడోది పెట్టగానే ప్రసన్నకుమారికి లోపల దీపం వెలిగినట్టయింది. వరసనాటు. ఇంత చక్కగా ఏ స్లైడులోనూ ఉండదు.

"మధ్యస్థదశ అండి."

పెన్సిలు ఆగింది. "ఇంకోసారి చూసి చెప్పండి."

చూసింది. ఎడమకన్ను మూసి, మర తిప్పి, పైకీ కిందకీ జరిపి చూసింది. "మధ్యస్థదశేనండి. అన్నీ నడిమధ్య ఒకే వరసలో ఉన్నాయండి."

హెలెన్ గారు అట్టముక్క తీసింది. చలనదశ. అదే గుండ్రటి రాత.

గురువారం సాయంత్రం తన చేత్తో తీసిన కాగితం తిరిగి అక్కడికెలా వచ్చిందో ప్రసన్నకుమారికి అంతుపట్టలేదు.

"అమ్మగారూ, మీరొక్కసారి అందులోకి చూడండమ్మా. ఒక్కసారి."

హెలెన్ గారు కదిలింది. నిజమే చెప్పాలి, కదిలింది. మెడ ముందుకొచ్చింది, కళ్లద్దాల మీదికి చెయ్యి వెళ్లింది.

"లేబులుండగా చూడడమేంటండి మేడమ్?" అన్నారు సత్తిరాజు గారు, ఎంతో మెత్తగా. "అయినా మీ ఇష్టం. మీవాళ్లు అడిగారు, మీరు చూశారు అంటారు, అంతేగా." తర్వాత గొంతు పెంచి, "మాస్టారూ! ఇది మీ రాతేనా?"

జగన్నాథరావు గారు అక్కణ్ణుంచి లేవలేదు. దూరం నుంచే చూసి, "నా రాతేనండి" అన్నారు.

"సరిగ్గానే ఉందా?"

"సరిచూసిందేనండి."

హెలెన్ గారి చెయ్యి కళ్లద్దాల మీంచి దిగి కాగితం మీదికి వచ్చింది. ఏడుకి ఎదురుగా అడ్డగీత పెట్టింది. ఎనిమిదోది లాగుడు. ప్రసన్నకుమారి దాన్ని చాలాసేపు చూసింది. అట్ట కింద ఏ పేరుందో ఇప్పుడు ఆవిడకి తెలుసు. ఆ పేరు చెబితే ఎనిమిది ఒప్పు, ఏడు ఎలాగూ పోయింది. పది కాకపోయినా పరువుంటుంది.

"చలనదశ అండి" అంది.

ఇంకో అడ్డగీత. మిగిలిన రెండూ ఒప్పే చెప్పింది. పదికి ఎనిమిది. "పర్వాలేదు, అటెండరుకి ఎనిమిదంటే ఎక్కువే" అని లేచారు సత్తిరాజు గారు. హెలెన్ గారు సంచి భుజాన వేసుకుని, గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి ఆ మైక్రోస్కోపు వైపు ఒకసారి చూసింది. బస్సు టైమైందని ప్యూను పిలిస్తే వెళ్లిపోయింది.

సోమవారం సురేష్‌బాబు చేరాడు. చేరినవాడు క్యాంటీన్లో ఉండగా ప్రసన్నకుమారి ఆ ఏడో స్లైడుని మైక్రోస్కోపులో పెట్టి, జగన్నాథరావు గారిని పిలిచింది.

"చూడండి సార్."

"అయిపోయిందిగా ప్రసన్నా, ఇంకెందుకు..."

"చూడండి."

ఆవిడ గొంతు అలా ఉండటం ఆయన ఎరగరు. వంగి చూశారు. ఎప్పుడో మానేసిన పని కావడంతో మర ఎటు తిప్పాలో తెలియక తడుముకున్నారు. ఆవిడే తిప్పింది. ఆయన చాలాసేపు తలెత్తలేదు.

"నేను శుక్రవారం మార్చాను కదా," అన్నారు ఆఖరికి. "నువ్వు చెప్పావని, పొద్దున్నే వచ్చి రెండు లేబుళ్లూ అటుదిటు చేశాను."

"నేను గురువారమే మార్చేశానండి."

బయట కాలవలో ఎవరో బట్టలుతుకుతున్నారు. బండ మీద దెబ్బలు లెక్కపెట్టినట్టు వినబడుతున్నాయి.

"మార్చే ముందు ఇందులోకి చూడలేదా సార్?"

"నువ్వు చెప్పావుగా. నీ మాట మీద మార్చాను."

"నా మాట మీద మార్చిన వారు, శనివారం నా మాట వినలేదేంటండి? చూడమని మొత్తుకున్నాను కదండి, మీరు లేచి రాలేదేంటండి?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నీకే కంగారులో పొరపాటు పడిందనుకున్నానన్నారు. పాపం అనుకున్నానన్నారు.

"సరేనండి. ఇప్పుడు తెలిసింది కదా. రండి, సెక్రటరీ గారికి చెబుదురుగాని."

"ఏమని చెప్పను?" ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. "ఏడేళ్లు తప్పు పేర్లతో మార్కులేశానని చెప్పనా? రిటైర్మెంటు కాగితాలు వాళ్ల బల్ల మీద ఉన్నాయి. నన్నర్థం చేసుకో అమ్మా. నువ్వు మంచిదానివి."

అమ్మా అన్నారు. పందొమ్మిదేళ్లలో మొదటిసారి. ప్రసన్నకుమారి స్లైడు తీసి, గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టింది.

మంగళవారం పొద్దున్న వెడల్పాటి ట్రేలో తడిగుడ్డ పరిచింది. నలభై రెండు స్లైడ్లూ బారుగా పేర్చి, కాగితాల మీద ఇంకో తడిగుడ్డ కప్పింది. నానాక ఒక్కొక్కటే బ్లేడుతో ఎత్తింది. గుండ్రటి అక్షరాలు చేతికి సిరాగా అంటుకుంటుంటే కడుక్కుంటూ, మళ్లీ ఎత్తింది. చిన్న ముద్ద అయిన ఆ కాగితాల్ని చెత్తబుట్టలో పడేసి, గాజులు పొడిగుడ్డతో తుడిచి, పాత వరస కలిపేసి గాడుల్లో నిలబెట్టింది. అన్నీ ఒక్కలాగే మెరుస్తున్నాయి.

సురేష్‌బాబు పెట్టె తీసి బిత్తరపోయాడు. "ఏయ్ ప్రసన్నా! లేబుళ్లేవి?"

"తీసేశానండి. తప్పులున్నాయండి."

"తప్పులా! ఎవరు చెప్పారు?"

"సార్‌ని అడగండి."

గుమ్మంలోకి వచ్చిన జగన్నాథరావు గారు పెట్టెకేసి చూశారు, బుట్టకేసి చూశారు. ఆవిడ కేసి చూడలేదు. అవునంటే తప్పులేంటో చెప్పాలి, కాదంటే ఆవిడ చెప్పేస్తుంది.

"నేనే తీయించానయ్యా," అన్నారు. "పిల్లలు చదివి కాదు, చూసి నేర్చుకోవాలి."

అలాగైంది. ఇప్పుడు ఆ పెట్టెలో దేని పేరేంటో చెప్పగలిగేది ఆ కాలేజీలో ఒక్క నోరే. క్లాసుకి ముందు సురేష్‌బాబు స్లైడు పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడతాడు. మొదటి వారం "ఇదేంటి?" అన్నాడు. ఆవిడ బీకరు తోముతూనే ఉండిపోయింది. రెండో వారం "ఇదేంటండి?" అన్నాడు. ఇప్పుడు "ప్రసన్నకుమారి గారండీ, కాస్త చెబుతారా" అంటున్నాడు. పిల్లలొస్తే మాత్రం ఆవిడ పేరు ముందు చెప్పదు. ముందు చూడు, నీకేం కనబడుతోందో నీ మాటల్లో చెప్పు అంటుంది. చెప్పాకే పేరు ఇస్తుంది. దుర్గాశ్రీ ఆ మూలనున్న స్టూలు మీద కూర్చుని, మొదట భయంభయంగా, తర్వాత బెల్లు కొట్టినా లేవకుండా చూసింది.

మే నెలాఖరున జగన్నాథరావు గారికి సన్మానం చేశారు. లేబుళ్లు లేని బోధన ఆయన కనిపెట్టిన కొత్త పద్ధతని సత్తిరాజు గారు మైకులో చెప్పారు. చప్పట్లు కొట్టారు. ఆయనకి కప్పే శాలువాని పళ్లెంలో పెట్టి అందించింది ఎవరనుకున్నారు? ఆవిడే. పళ్లెం అందించి, పక్కకి తప్పుకుని నిలబడింది. అటెండరు నిలబడే చోటే.

ఇదర్రా సంగతి. మీరు మీ పిల్లలకి చెప్పేటప్పుడు నాకులాగే తీరిగ్గా చెప్పండి, ఆవిడ పేరు పూర్తిగా చెప్పండి. పొడుగు మాటలు నోరు తిరక్కపోతే వదిలేయండి, ఏం ఫరవాలేదు. కానీ వినేవాళ్లు బాధపడతారని, చివర్లో ఆవిడకి ఆ ఉద్యోగం వచ్చిందని మాత్రం చెప్పకండి. రాలేదు.